పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్‌ను ఎలా ఇన్‌స్టాల్ చేయాలి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసినప్పటి నుంచి పాఠకులు ఒకే ప్రశ్నను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: ల్యాప్‌టాప్ బాగానే పనిచేస్తోంది, విండోస్ 11 మాత్రం ఎక్కనంటోంది, ఇప్పుడేం చేయాలి? విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ అవసరం కాబట్టి, 2017కు ముందు కొన్న యంత్రాలలో చాలావరకు ఈ గీతకు అవతలే ఉండిపోయాయి. వాటిని పాత సామాన్ల కింద అమ్మేయాల్సిన పని లేదు. విండోస్ స్థానంలో ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేసుకుంటే అవి ఇంకా కొన్నేళ్లు చక్కగా పనికివస్తాయి.

ఇన్‌స్టాల్ చేయడానికి పట్టేది సుమారు అరగంట. ఇబ్బందులలో చాలావరకు ఆ అరగంటలో రావు. దానికి ముందు చేయవలసిన పనులను తొందరలో వదిలేయడం వల్ల వస్తాయి. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా ముందస్తు సన్నాహం గురించే ఉంటుంది. దయచేసి ఆ భాగాన్ని దాటవేయకండి.

ముందుగా ఆలోచించవలసినది

మీరు రోజూ వాడే పని విండోస్‌లో తప్ప నడవనిదైతే, విండోస్‌ను పూర్తిగా తీసేయవద్దు. అను స్క్రిప్ట్ మేనేజర్‌తో పేజ్‌మేకర్‌లో పుస్తకాలు, శుభలేఖలు కూర్చేవారు, ట్యాలీలో లెక్కలు రాసేవారు ఈ కోవలోకి వస్తారు. ఆ ప్రోగ్రాములను లినక్స్‌లో ఏదో ఒక విధంగా నడిపించవచ్చని ఎవరైనా చెప్పినా, పొట్టకూటి పనిని అలాంటి ఏర్పాటు మీద నిలబెట్టుకోవడం మంచిది కాదు. ఇలాంటివారు రెండు వ్యవస్థలనూ పక్కపక్కన ఉంచుకోవాలి. బ్రౌజర్, ఈమెయిల్, యూట్యూబ్, ఆన్‌లైన్ తరగతులు, ఉత్తరాలు, మామూలు లెక్కల పట్టికలు మీ అవసరాలైతే మింట్ ఒక్కటే సరిపోతుంది.

కావలసినవి

64 బిట్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. మింట్ 2 జీబీ ర్యామ్‌తో కూడా మొదలవుతుంది కానీ హాయిగా వాడుకోవడానికి కనీసం 4 జీబీ ఉండాలి. డిస్కులో 20 జీబీ కనీస అవసరం, 100 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. వీటితో పాటు 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్ ఒకటి (అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది), మీ ఫైళ్ల బ్యాకప్ కోసం వేరే హార్డ్‌డిస్క్ ఒకటి, ఛార్జర్, ఫోను, దాని యూఎస్‌బీ కేబుల్ దగ్గర పెట్టుకోండి. పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ చాలాసార్లు పనిచేయదు. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే డిస్కు సగం రాసి ఆగిపోతుంది కనుక, బ్యాటరీ మీద నమ్మకం లేకపోతే ఇన్వర్టర్ ఉన్న చోట ఈ పని పెట్టుకోండి.

మింట్ మూడు రూపాల్లో దొరుకుతుంది: సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్, 4 జీబీ మాత్రమే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి. మూడూ ఒకే పునాది మీద నడుస్తాయి, కాబట్టి ఈ ఎంపిక దగ్గర ఎక్కువసేపు తటపటాయించనక్కరలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి: ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్‌డిస్కే ఉంటే, ఏ రూపాన్ని ఎంచుకున్నా కలగనంత వేగం దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వేయించడం వల్ల కలుగుతుంది. వీలైతే ముందు ఆ పని చేయించుకోండి.

విండోస్‌లో ఉండగానే చేయవలసిన పనులు

1. ఫైళ్లన్నీ బ్యాకప్ తీయండి. డాక్యుమెంట్లు, ఫోటోలతో పాటు డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నవి, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు కూడా మరవకండి. కాపీ అయిన తరువాత ఆ హార్డ్‌డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి, నాలుగైదు ఫైళ్లను నిజంగా తెరిచి చూడండి. తెరవని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

2. డిస్కులోని సమాచారానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు, బిట్‌లాకర్ సంగతి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది యజమానికి తెలియకుండానే, ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ పేరుతో ఆన్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ పేరుతో వెతికి, ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందుగా కాగితం మీద రాసుకుని, ఆ తరువాత ఆఫ్ చేయండి. డిస్కు మొత్తం విప్పడానికి గంటల సమయం పట్టవచ్చు, అది పూర్తయ్యేవరకు ఆగండి. విండోస్‌ను పూర్తిగా తీసేయదలచుకున్నవారికి ఈ అడుగు అవసరం లేదు. ఉంచుకునేవారు మాత్రం దీన్ని దాటవేస్తే, ఇన్‌స్టాలర్ మధ్యలో ఆగి బిట్‌లాకర్‌ను తీసేసి రమ్మంటుంది.

3. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్ ఏం చేయాలో నిర్ణయించే పేజీలో ‘ఫాస్ట్ స్టార్టప్’ పక్కనున్న టిక్కును తీసేయండి. ఇది ఉన్నంతకాలం విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, సగం నిద్రలోనే ఉంటుంది. అందువల్ల లినక్స్ ఆ డిస్కులోని ఫైళ్లను చదవనిస్తుంది కానీ మార్చనివ్వదు.

4. విండోస్ ఏ పద్ధతిలో బూట్ అవుతోందో, అంటే ఆన్ చేయగానే ఎలా మొదలవుతోందో తెలుసుకోండి. స్టార్ట్ మెనూలో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే ‘బయోస్ మోడ్’ అనే వరుసలో ‘యూఈఎఫ్‌ఐ’ (కొత్త పద్ధతి) అనో ‘లెగసీ’ (పాత పద్ధతి) అనో ఉంటుంది. దాన్ని రాసిపెట్టుకోండి, ముందుముందు రెండు చోట్ల అవసరమవుతుంది.

5. విండోస్‌ను ఉంచుకునేవారు మింట్ కోసం చోటు ఖాళీ చేయాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘ష్రింక్ వాల్యూమ్’ ఎంచుకోండి. అక్కడ అంకెను ఎంబీలలో ఇవ్వాలి: 60 జీబీ కావాలంటే 61440 అని రాయాలి. ఇలా వచ్చిన ఖాళీని ‘అన్‌అలొకేటెడ్’గానే వదిలేయండి, దానికి డ్రైవ్ అక్షరం ఇచ్చి ఫార్మాట్ చేయకండి. డిస్కులో ఎంతో ఖాళీ ఉన్నా విండోస్ చాలా కొద్ది చోటే ఇస్తానంటే, కదపలేని ఫైళ్లు మధ్యలో అడ్డున్నాయని అర్థం. హైబర్నేషన్‌ను, సిస్టమ్ రిస్టోర్‌ను తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

పెన్‌డ్రైవ్ తయారీ

6. లినక్స్ మింట్ అధికారిక వెబ్‌సైటు నుంచే ఐఎస్ఓ ఫైలును (మింట్ అంతా ఒకే ఫైలుగా ఉండే రూపం) దించుకోండి. 2024 జులైలో మొదలైన 22 శ్రేణికి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి, కాబట్టి ఆ శ్రేణిలోని తాజా విడుదలను ఎంచుకోవచ్చు. ఫైలు సుమారు 3 జీబీ ఉంటుంది. రోజుకు 1.5 జీబీ పరిమితి ఉన్న మొబైల్ డేటాతో ఒక్క రోజులో ఇది పూర్తికాదు. అలాంటప్పుడు టోరెంట్ లింకును వాడితే నిన్న ఆగిన చోటు నుంచి నేడు కొనసాగించవచ్చు.

7. ఫైలు సరిగా దిగిందో లేదో పరీక్షించండి. దాదాపు అందరూ వదిలేసే అడుగు ఇదే. డౌన్‌లోడ్ పేజీలోనే ‘షా256సమ్’ పేరుతో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అందులో ప్రతి ఐఎస్ఓ పేరుకూ ఎదురుగా 64 అక్షరాల పొడవైన గొలుసు కనిపిస్తుంది. మీ కంప్యూటర్‌లో 7-జిప్ ఉంటే ఐఎస్ఓ మీద రైట్ క్లిక్ చేసి, ‘సీఆర్‌సీ షా’ జాబితాలో ‘షా-256’ను నొక్కండి. ఒక నిమిషంలో అలాంటి గొలుసే వస్తుంది. రెండింటినీ నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి అతికించి పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు పనికిరాదు, మళ్లీ దించుకోవలసిందే. ఇన్‌స్టాల్ ముప్పావు వంతు అయ్యాక కారణం తెలియకుండా ఆగిపోయే సందర్భాలలో చాలావాటికి ఇలా చెడిన ఫైలో, చవకరకం పెన్‌డ్రైవో కారణమవుతుంది.

8. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. పై వరుసలో మీ పెన్‌డ్రైవే ఉందా అని దాని సైజును బట్టి నిర్ధారించుకోండి. బ్యాకప్ హార్డ్‌డిస్క్‌ను ఈ సమయంలో కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి. నాలుగో అడుగులో ‘యూఈఎఫ్‌ఐ’ అని వచ్చినవారు ‘పార్టిషన్ స్కీమ్’ దగ్గర జీపీటీని, ‘లెగసీ’ అని వచ్చినవారు ఎంబీఆర్‌ను ఎంచుకోవాలి. రాసే పద్ధతి అడిగినప్పుడు ‘ఐఎస్ఓ’ పద్ధతికే ఒప్పుకోండి. అలా తయారైన పెన్‌డ్రైవ్ బూట్ కాకపోతే రెండోసారి ‘డీడీ’ పద్ధతితో రాయండి. రూఫస్ బదులు బలేనా ఎచర్ వాడినా ఫలితం ఒకటే.

ఇన్‌స్టాల్ చేయకుండానే పరీక్షించడం

9. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ మీటను వరుసగా నొక్కండి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తరువాత ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12 మీటే అయినా, కొన్ని మోడళ్లలో ముందుగా ఎఫ్2తో బయోస్‌లోకి (ల్యాప్‌టాప్ సొంత సెట్టింగ్స్ తెర) వెళ్లి ‘ఎఫ్12 బూట్ మెనూ’ను ఆన్ చేయాలి. జాబితాలో ఒకే పెన్‌డ్రైవ్ రెండు పేర్లతో కనిపిస్తే, మీ విండోస్ యూఈఎఫ్‌ఐదైతే ‘యూఈఎఫ్‌ఐ’ అనే మాట ముందున్న దాన్నే ఎంచుకోండి. ఇక్కడ పొరపాటు జరిగితే ఇన్‌స్టాల్ అంతా సజావుగానే సాగుతుంది కానీ, చివరికి రెండింటిలో ఏదో ఒకటి మెనూలో కనిపించకుండా పోతుంది. గుర్తుపట్టడం తేలిక: యూఈఎఫ్‌ఐలో వరుసల జాబితా ఉన్న సాదా మెనూ వస్తుంది, లెగసీలో సెకన్లు లెక్కపెట్టే స్వాగత తెర వస్తుంది.

మెనూ తరువాత తెర నల్లగా ఉండిపోతే, ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్నవాటిలో ఇది తరచు జరిగేదే. రీస్టార్ట్ చేసి, అదే మెనూలో ‘కంపాటిబిలిటీ మోడ్’ ఎంచుకోండి.

10. ఇప్పుడు మింట్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తోంది, మీ డిస్కును ఇంకా ఏమీ ముట్టుకోలేదు. ఇక్కడ కనీసం అరగంట గడపండి. వైఫై కలుస్తోందా, వీడియోలో శబ్దం వస్తోందా, కెమెరా, టచ్‌ప్యాడ్, వెలుతురు పెంచే మీటలు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే కంప్యూటర్ నిద్ర లేస్తోందా అని ఒక్కొక్కటిగా చూడండి. వైఫై కనిపించకపోతే కంగారు పడకండి. బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న పాత యంత్రాలలో దాని డ్రైవర్‌ను తరువాత వేసుకోవాలి. అప్పటివరకు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వచ్చేస్తుంది.

హార్డ్‌డిస్క్ ఆరోగ్యాన్ని కూడా ఇప్పుడే చూడండి. మెనూలో ‘డిస్క్స్’ తెరిచి, మీ డిస్కును ఎంచుకుని, పై మూలలోని చుక్కల మెనూలో ‘స్మార్ట్ డేటా’కు వెళ్లండి. అందులో ‘కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్’ అనే వరుస ఎదురుగా సున్నా ఉండాలి. సున్నా కాకుండా మరేదైనా అంకె ఉంటే ఆ డిస్కు చదవలేని చోట్లను పోగు చేసుకుంటోందని అర్థం. దాని మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా కొద్దికాలమే నిలుస్తుంది, ముందు డిస్కును మార్చండి.

ఇన్‌స్టాల్

11. డెస్క్‌టాప్ మీద ఉన్న ‘ఇన్‌స్టాల్ లినక్స్ మింట్’ను తెరవండి. భాషగా తెలుగును ఎంచుకోవచ్చు కానీ, సమస్య వచ్చినప్పుడు పరిష్కారాలు ఇంగ్లిషు మాటలతోనే దొరుకుతాయి గనుక మొదటిసారి ఇంగ్లిషునే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. కీబోర్డు దగ్గర మాత్రం తెలుగును ఎంచుకోకండి. అలా చేస్తే పాస్‌వర్డు తెలుగు అక్షరాల్లో పడి, తరువాత లాగిన్ కావడం కష్టమవుతుంది. ‘ఇంగ్లిష్ యూఎస్’ సరిపోతుంది. రూపాయి గుర్తు తరచు అవసరమయ్యేవారు ‘ఇంగ్లిష్, ఇండియా, విత్ రూపీ’ని ఎంచుకుంటే కుడివైపు ఆల్ట్ మీటతో 4 నొక్కగానే ఆ గుర్తు వస్తుంది.

12. ‘మల్టీమీడియా కోడెక్స్’కు టిక్కు పెట్టండి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రాములను బూట్ సమయంలో ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే ఇక్కడ ఒక పాస్‌వర్డు అడగవచ్చు. ఏదైనా చిన్నది ఇచ్చి రాసిపెట్టుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి రీస్టార్ట్‌లో నీలి తెర వస్తే, అందులో ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని అదే పాస్‌వర్డు ఇవ్వాలి. చాలామంది ఈ నీలి తెరను చూసి భయపడి ‘కంటిన్యూ బూట్’ నొక్కేస్తారు, ఆ తరువాత డ్రైవర్లు పనిచేయలేదని బాధపడతారు.

13. ‘ఇన్‌స్టలేషన్ టైప్’ పేజీలో తొందరపడకండి. మొత్తం పనిలో వెనక్కి తీసుకోలేని చోటు ఇదొక్కటే. విండోస్‌ను ఉంచుకునేవారు ‘ఎలాంగ్‌సైడ్ విండోస్’ అనే వరుసను, పూర్తిగా తీసేసేవారు ‘ఇరేజ్ డిస్క్’ను ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ రెండూ ఉంటే దేన్ని చెరుపుతున్నారో సైజును బట్టి గుర్తించండి. ‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కగానే ఏయే పార్టిషన్లు (డిస్కులోని భాగాలు) ఫార్మాట్ అవుతాయో చెప్పే పెట్టె వస్తుంది, దాన్ని నిదానంగా చదవండి. విండోస్‌ను ఉంచుకునేవారికి ఆ జాబితాలో లినక్స్ వాడే కొత్త ‘ఎక్స్‌ట్4’ పార్టిషన్ మాత్రమే ఫార్మాట్ కాబోతున్నట్టు ఉండాలి. విండోస్ పార్టిషన్‌ను సూచించే ‘ఎన్‌టీఎఫ్ఎస్’ అనే మాట కనిపిస్తే ‘గో బ్యాక్’ నొక్కి ఆగిపోండి.

‘ఎలాంగ్‌సైడ్’ వరుస అసలు కనిపించకపోతే మూడు కారణాలు ఉండవచ్చు: బిట్‌లాకర్ ఇంకా ఆఫ్ కాలేదు, పెన్‌డ్రైవ్ వేరే పద్ధతిలో బూట్ అయింది, లేదా డిస్కే ఇన్‌స్టాలర్‌కు కనిపించడం లేదు. మూడోది సాధారణంగా బయోస్‌లో ఇంటెల్ ఆర్ఎస్‌టీ అనే డిస్కు నిర్వహణ పద్ధతి ఆన్‌లో ఉండడం వల్ల జరుగుతుంది, దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి. నేరుగా మారిస్తే మాత్రం విండోస్ బూట్ కాకుండా పోతుంది. ముందు విండోస్‌లో ‘సిస్టమ్ కాన్ఫిగరేషన్’ తెరిచి సేఫ్ బూట్‌కు టిక్కు పెట్టి, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చి, విండోస్ సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకున్నాక ఆ టిక్కును తీసేయాలి.

‘సమ్‌థింగ్ ఎల్స్’ ద్వారా చేత్తో పార్టిషన్లు చేసేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. బూట్ ఫైళ్లు ఉండే, ఇప్పటికే ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను వాడుకోవాలి గాని ఫార్మాట్ చేయకూడదు. బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాము) ఎక్కడ వేయాలనే చోట పెన్‌డ్రైవ్ పేరు ఉండకూడదు. ఉంటే, ఆ తరువాత పెన్‌డ్రైవ్ తీసినప్పుడల్లా కంప్యూటర్ తెరుచుకోదు.

14. టైమ్‌జోన్‌గా కోల్‌కతాను ఎంచుకుని, యూజర్ నేమ్‌ను చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో ఖాళీ లేకుండా ఇవ్వండి. పూర్తయ్యాక రీస్టార్ట్ చేసి, చెప్పినప్పుడు పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కండి.

పని సరిగా జరిగిందా?

విండోస్‌ను ఉంచుకున్నవారికి ఆన్ చేయగానే రెండు పేర్లున్న మెనూ రావాలి. మొదట మింట్‌లోకి, తరువాత విండోస్‌లోకి వెళ్లి, రెండూ తెరుచుకుంటున్నాయని చూడండి. మెనూ రాకుండా నేరుగా విండోస్ వచ్చేస్తే ఇన్‌స్టాల్ విఫలమైందని అనుకోవద్దు. బయోస్‌లో బూట్ క్రమంలో ‘ఉబుంటు’ పేరుతో ఉన్న దాన్ని పైకి తెస్తే చాలు. మింట్‌కు పునాది ఉబుంటు కాబట్టి అక్కడ ఆ పేరు కనిపిస్తుంది. అప్పటికీ రాకపోతే పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ బూట్ చేసి, మెనూలో ఉన్న ‘బూట్ రిపేర్’ను నడపండి. ఈ కారణంగా ఆ పెన్‌డ్రైవ్‌ను వెంటనే చెరిపేయకండి.

విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళ్లిందా? లినక్స్ యంత్రం గడియారాన్ని అంతర్జాతీయ కాలంలో ఉంచుతుంది, విండోస్ స్థానిక కాలం అనుకుంటుంది. మింట్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ (timedatectl) అనే ఆదేశంతో గడియారాన్ని స్థానిక కాలానికి మార్చుకుంటే ఈ తేడా మళ్లీ రాదు.

మింట్‌లో మొదట తెరుచుకునే స్వాగత తెరలోని ‘ఫస్ట్ స్టెప్స్’ను వరుసగా చేయండి. ముందుగా టైమ్‌షిఫ్ట్‌తో ఒక స్నాప్‌షాట్ (వ్యవస్థ ప్రస్తుత స్థితికి నకలు) తీసి, ఆ తరువాత అప్‌డేట్ మేనేజర్‌ను, చివరగా డ్రైవర్ మేనేజర్‌ను నడపండి. ఈ క్రమం పాటిస్తే ఏదైనా డ్రైవర్ వికటించినా పాత స్థితికి వెళ్లవచ్చు. టైమ్‌షిఫ్ట్ వ్యవస్థకు సంబంధించిన ఫైళ్లనే దాస్తుంది; మీ ఫోటోలకు, పత్రాలకు వేరే బ్యాకప్ ఎప్పుడూ ఉండాలి. ఫైర్‌వాల్ మొదట ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసుకోండి.

తెలుగులో రాయడానికి

చదవడానికి అవసరమైన ఫాంట్లు ముందే ఉంటాయి. రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతి అలవాటున్నవారు కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్‌ను చేర్చుకుంటే సరిపోతుంది. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునేవారు ‘ఇన్‌పుట్ మెథడ్’ ద్వారా ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామును, దాని ఎం17ఎన్ ప్యాకేజీని వేసుకుని, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. అప్పుడు తెలుగు కింద ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన వంటి పద్ధతులు కనిపిస్తాయి. లాగవుట్ కాకపోతే ఎంత వెతికినా అవి కనిపించకపోవచ్చు.

లిబ్రేఆఫీస్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో లక్ష్మి, స్వాతంత్ర్యం, వస్త్రం అనే మాటలను రాసి చూడండి. ఒత్తులు విడిపోకుండా అక్షరాల కిందనే కుదురుకుంటే ఏర్పాటు సరిగా ఉన్నట్టు. పాత అను ఫాంట్లలో కూర్చిన ఫైళ్లు మాత్రం ఇక్కడ అర్థం కాని గుర్తుల్లా కనిపిస్తాయి. అవి చెడిపోలేదు, అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లో లేవు, అంతే. వాటిని విండోస్‌లో తెరిచి, యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే మింట్‌లోకి తెచ్చుకోండి.